పాజిట్రానిక్ బ్రెయిన్ మోడల్ చేయొచ్చా? మావాడి సైన్స్ ఎగ్జిబిషన్ కోసం అడుగుతున్నా

ఉప్పల్ అమ్మ:
అందరికీ నమస్కారం. మావాడు తొమ్మిదో క్లాసు. పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఐజాక్ అసిమోవ్ రోబో కథల పుస్తకం దొరికితే కొనిచ్చాను, మూడు రోజుల్లో చదివేసి ఇప్పుడు ఎగ్జిబిషన్‌కి అందులో రోబోలకుండే మెదడు, అదే పాజిట్రానిక్ బ్రెయిన్, చేస్తానని పట్టు పట్టాడు. థర్మాకోల్ బంతి, వెండి కాగితం, కోఠి గుజరాతీ గల్లీలో ఎల్‌ఈడీలు, వైర్లు, అన్నీ తెచ్చుకున్నాడు. టీచర్ ఏమో "లేని వస్తువుకి మోడల్ ఏంటి" అన్నారట. నిన్న రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. నాది కామర్స్, నాకు తెలియక అడుగుతున్నా: నిజంగా పాజిట్రాన్లతో కంప్యూటర్ నడుస్తుందా? నడవకపోతే ఆ పేరెందుకు? శనివారమే ఎగ్జిబిషన్, టెన్షన్‌గా ఉంది.

పాత పుస్తకాలు:
నడవదండీ. పాజిట్రాన్ అంటే ఎలక్ట్రాన్‌కి జంట లాంటిది, బరువు అంతే, చార్జి మాత్రం పాజిటివ్. ఎలక్ట్రాన్ తగిలిందంటే రెండూ మాయమై గామా కిరణాలైపోతాయి. మరి వైరు నిండా ఉండేవి ఎలక్ట్రాన్లే కదా, అందులో పాజిట్రాన్ ఎంతసేపు బతుకుతుంది? పేరు సంగతి వేరు. కార్ల్ ఆండర్సన్ దాన్ని కనిపెట్టింది 1932లో, అసిమోవ్ రోబో కథలు మొదలుపెట్టింది 1939లో, అప్పటికి ఆయనకి 19 ఏళ్లు. కొత్తగా దొరికిన కణం, పేరు బాగుంది, పెట్టేశాడు. కథల్లో అది మనిషి మెదడంత సైజులో, స్పాంజిలా ఉండే ప్లాటినం ఇరిడియం గోళం, మీవాడి వెండి కాగితం సరిగ్గా సరిపోయింది.

కానీ ఆ మెదడులో అసలు విషయం కణం కాదు, దానిలో ముందే నాటిన మూడు నియమాలు. అవి పూర్తిగా వచ్చింది 1942 కథలో. రోబో మనిషికి హాని చేయకూడదు, హాని జరుగుతుంటే చూస్తూ ఊరుకోకూడదు, ఇది మొదటిది. 1945లో ఒక కథ ఉంది, అందులో ఇలాంటి మెదడే నక్షత్రాల మధ్య తిరిగే ఓడని డిజైన్ చేస్తుంది. ఆ ప్రయాణంలో మనుషులు కాసేపు చనిపోయి మళ్లీ బతకాలి. మొదటి నియమం ఒప్పుకోదు, లెక్క మాత్రం అదే వస్తుంది. ఆ నలుగుడు తట్టుకోలేక మెదడు చిన్నపిల్లాడిలా కొంటె పనులకి దిగుతుంది, ఓడలో తిండికి బీన్స్, పాలు తప్ప ఏమీ పెట్టదు. చార్టు మీద ఇది రాయించండి, చదివినవాళ్లు ఆగి అడుగుతారు.

స్కాన్ రూమ్:
మేడమ్, నేను న్యూక్లియర్ మెడిసిన్ టెక్నీషియన్‌ని. లేని వస్తువు అన్నారు కదా, మెదడు లేదు గానీ పాజిట్రాన్ నా రోజువారీ పని. పెట్ స్కాన్ అనే మాటలో మొదటి అక్షరం పాజిట్రానే. గ్లూకోజ్ లాంటి పదార్థానికి పాజిట్రాన్లు వదిలే ఫ్లోరిన్-18 కలిపి ఎక్కిస్తాం, దాదాపు 110 నిమిషాల్లో అది సగమైపోతుంది, అందుకే డోసు వచ్చిందంటే ఇక పరుగే. ఎక్కించాక పేషెంటు ఒక గంట కదలకుండా, ఎక్కువ మాట్లాడకుండా పడుకోవాలి. లోపల పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌ని కలిసినప్పుడల్లా రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకి పోతాయి, చుట్టూ ఉన్న రింగు ఆ రెండింటినీ ఒకేసారి పట్టుకుని అవి పుట్టిన చోటు లెక్క కడుతుంది. క్యాన్సర్ గడ్డ మామూలుగా గ్లూకోజ్ ఎక్కువ లాక్కుంటుంది, అందుకే అది ఎక్కడుందో మాకు అలాగే తెలుస్తుంది. బాబుని ఇది కూడా పెట్టమనండి.

నాచారం నాన్న:
టీచర్ మాటలో కూడా న్యాయం ఉందమ్మా. ఇది ఊహ అని పైనే పెద్ద అక్షరాలతో రాస్తే ఆయనకీ అభ్యంతరం ఉండదు. ముందే వెళ్లి ఒకసారి మాట్లాడండి.

ఉప్పల్ అమ్మ:
అందరికీ చాలా చాలా థాంక్స్. మాట్లాడాను, టీచర్ ఒప్పుకున్నారు. బంతి చుట్టూ అట్టతో రింగు కత్తిరించాడు, ఎదురెదురుగా రెండు ఎర్ర ఎల్‌ఈడీలు పెట్టాడు, ఒకే స్విచ్చుకి రెండూ ఒక్కసారే వెలుగుతున్నాయి. స్కాన్ రూమ్ గారూ, పేషెంటు ఆ గంటసేపు ఎందుకు మాట్లాడకూడదో చెప్తారా? ఇందాకటి నుంచి అదే అడుగుతున్నాడు.

స్కాన్ రూమ్:
కదిలినా మాట్లాడినా ఆ కండరాలు గ్లూకోజ్ లాక్కుంటాయి మేడమ్, స్కాన్‌లో అక్కడ కూడా మెరుస్తుంది.