పాడైన డిష్‌వాషర్ తీసేసి గట్టు కింద ఓవెన్ బిగించడం సబబేనా?

మణికొండ గృహిణి:
మా వంటగదిలో గ్రానైట్ గట్టు కింద ఉన్న డిష్‌వాషర్ పంపు పాడైంది. 2020 లాక్‌డౌన్‌లో, పనికి వచ్చే ఆమె రాలేకపోయిన రోజుల్లో కొన్నది కనుక వారంటీ ఎప్పుడో ముగిసింది. బాగు చేయించడానికి చెబుతున్న ఖర్చు కూడా తక్కువేమీ కాదు. ఇప్పుడు అంట్లు తోమడానికి రోజూ ఉదయం ఒకామె వస్తున్నారు. మరోవైపు మా అమ్మాయి కేకులూ బ్రెడ్డూ చేయడం శ్రద్ధగా నేర్చుకుంటోంది. గట్టు మీద ఉన్న ఓటీజీ అనే చిన్న ఓవెన్‌లో ఒక్క ట్రే మాత్రమే పడుతుంది, పైగా కూరగాయలు తరుక్కునే చోటంతా అదే ఆక్రమిస్తోంది. అందుకే డిష్‌వాషర్ తీసేసి, ఆ ఖాళీలో 60 సెంటీమీటర్ల బిల్ట్-ఇన్ ఓవెన్ పెట్టించాలని నా ఆలోచన. రోజూ అక్కరకు వచ్చేదాన్ని తీసి ఎప్పుడో ఒకసారి వాడేదాన్ని తేవడం ఏం పద్ధతని మావారు అభ్యంతరం చెబుతున్నారు. రెండూ వాడిన అనుభవం ఉన్నవారు మీ అభిప్రాయం చెప్పగలరు.

నల్లగండ్ల నివాసి:
నిస్సందేహంగా మార్చండి. మన వంటపాత్రల్లో సగం డిష్‌వాషర్‌లో పెట్టదగినవి కావు. అల్యూమినియం కుక్కరు ఆ డిటర్జెంట్‌కు నల్లబడుతుంది, ఇనుప పెనం తుప్పు పడుతుంది, నాన్‌స్టిక్ పూత చెడుతుంది. వాటన్నిటినీ విడిగా తోముకోవలసిందే. ఓవెన్ సంగతి అలా కాదు. 65 నుంచి 70 లీటర్ల ఓవెన్‌లో వేడి నిలకడగా ఉంటుంది, లోపలి ఫ్యాను వల్ల రెండు ట్రేలు ఒకేసారి కాలుతాయి. మేము బిర్యానీకి దమ్ కూడా అందులోనే పెడతాం. పైనుంచీ కిందినుంచీ సమానంగా వేడి అందడం వల్ల అడుగు మాడదు. గిన్నెకు ప్లాస్టిక్ పిడులు లేకుండా చూసుకుంటే చాలు. అమ్మాయి నేర్చుకుంటానని ముందుకు వస్తున్నప్పుడు ఇంట్లో వసతి కల్పించకపోతే ఆ ఉత్సాహం ఎక్కువ కాలం నిలవదు.

కూకట్‌పల్లి విశ్రాంత ఉపాధ్యాయిని:
నేను దీనితో ఏకీభవించలేను. మన వంట మంట మీద జరిగే వంట. పోపు, వేపుడు, పులుసు, దోసె, చివరికి పుల్కా కూడా పొయ్యి మీదే అవుతాయి. దమ్‌కు గిన్నె కింద పెనం వేసి, మూత అంచుకు గోధుమపిండి ముద్ద అంటించి సన్న సెగ మీద ఉంచితే సరిపోతుందని ఈ ఊళ్లో అందరికీ తెలుసు. మొదటి నెలల ముచ్చట తీరాక గట్టు కింది ఓవెన్ పెద్ద గిన్నెలు దాచుకునే అలమరగా మారిపోవడం మా బంధువుల ఇళ్లలోనే చూశాను. ఇక ఉస్మానియా బిస్కెట్ల కోసమే అయితే 1953 నుంచి మొజంజాహీ మార్కెట్‌లో కరాచీ బేకరీ ఉండనే ఉంది.

ఇంకొక విషయం ఎవరూ ప్రస్తావించలేదు. ఇంట్లో డిష్‌వాషర్ నడిచినన్నాళ్లూ మీ ఇంటికి వచ్చే ఆమెకు పెద్ద గిన్నెలు మాత్రమే మిగిలాయి. అది తీసేస్తే పళ్లాలు, గ్లాసులు, కప్పులు, టిఫిన్ డబ్బాలు అన్నీ ఆమె చేతుల మీదనే పడతాయి. నాలుగైదు ఇళ్లలో తోమే మనిషి చేతులు సబ్బు నీటికి ఎలా పగులుతాయో మనం చూస్తూనే ఉన్నాం. ఆమెకు జీతం పెంచే ఆలోచన కూడా మీ లెక్కలో ఉండాలి.

నల్లగండ్ల నివాసి:
జీతం మాట న్యాయమైనది, ఒప్పుకుంటున్నాను. కానీ ముచ్చట తీరుతుందన్న వాదన డిష్‌వాషర్‌కూ వర్తిస్తుంది. మా వైపు బోరు నీళ్లూ ట్యాంకరు నీళ్లే గతి. ఆ ఉప్పు నీటికి ఎప్పటికప్పుడు నీటి కాఠిన్యాన్ని తగ్గించే డిష్‌వాషర్ ఉప్పు నింపకపోతే గాజు గ్లాసుల మీద తెల్లని పొర కడుతుంది. ఎంతమంది ఆ శ్రద్ధ కొనసాగిస్తారు? కరెంటు విషయంలోనూ పెద్ద తేడా లేదు. రెండింటికీ ఒక్కో విడతకు సుమారు ఒక యూనిట్ ఖర్చవుతుంది.

కూకట్‌పల్లి విశ్రాంత ఉపాధ్యాయిని:
ఆ ఒక యూనిట్‌తో డిష్‌వాషర్ ఇంటిల్లిపాది పళ్లాలను పది, పదకొండు లీటర్ల నీళ్లతో కడుగుతుంది. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో ఆ నీటి విలువను పక్కన పెట్టలేం. 70 లీటర్ల ఓవెన్‌లో ఒక చిన్న కేకు పెట్టినా లోపలి గాలినీ గోడలనూ మొత్తం వేడెక్కించవలసిందే. చిన్న కేకుకు ఓటీజీయే నయం.

మాడ్యులర్ కిచెన్ పనిలో ఉన్న వ్యక్తి:
ఏది ఎక్కువ ఉపయోగమో మీరు తేల్చుకోండి. నేను ఆ ఖాళీ గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే పొరపాటు జరిగేది అక్కడే. డిష్‌వాషర్ వెడల్పూ 60 సెంటీమీటర్లే, ఓవెన్ వెడల్పూ 60 సెంటీమీటర్లే కనుక ఒకటి తీసి ఇంకొకటి తోసేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. డిష్‌వాషర్ తన కాళ్ల మీద తాను నేల మీద నిలబడుతుంది, దానికి పెట్టె అవసరం లేదు. ఓవెన్‌కు పెట్టె కావాలి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు వైపులా వేస్తే లోపల 564 మిల్లీమీటర్లు మిగులుతుంది, చాలా ఓవెన్లు కోరేది అంతే. ఎత్తు సుమారు 600 మిల్లీమీటర్లు చాలు కనుక గట్టు కింద మిగిలే జానెడు ఎత్తులో ట్రేలు పెట్టుకునే సొరుగు చేయించుకోవచ్చు. ఓవెన్ 30 కిలోలకు పైగా బరువుంటుంది, కాబట్టి అది కూర్చునే పలక గట్టిదై ఉండాలి. పెట్టెకు వెనుక పలక వేయకూడదు. కింద గాలి లోపలికి రావడానికి, వెనుకనుంచి పైకి పోవడానికి దారి వదలాలి. పక్క కబ్‌బోర్డుల ప్లైవుడ్, అంచుల జిగురు కూడా సుమారు 90 డిగ్రీల వేడిని తట్టుకునేవై ఉండాలి. మీది కడప బండలు నిలబెట్టి కట్టిన పాత గట్టు అయితే ఆ బండల మధ్య కొలత ఎక్కడా ఒకేలా ఉండదు. పైనా, నడుమా, కిందా మూడుచోట్ల కొలిచి చూసుకోండి.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. డిష్‌వాషర్ ఎప్పుడూ సింకు పక్కనే ఉంటుంది, నీళ్లూ డ్రైనేజీ అక్కడే కాబట్టి. ఆ చోటు దానికి తగినది, ఓవెన్‌కు తగినది కాదు. సింకు కింది గొట్టం కారితే మొదట తడిసేది ఓవెన్ పెట్టె. దాని తలుపు ముందుకు పడి దాదాపు అడుగున్నర చోటు తీసుకుంటుంది, అంటే ట్రే తీస్తున్నంతసేపూ సింకు దగ్గర నిలబడే మనిషికి దారి ఉండదు. ఒక ఫ్లాటులో ఇలాగే బిగించమని పట్టుబట్టారు. తర్వాత వారే విప్పించి ఫ్రిజ్ పక్కనున్న నిలువు అలమరలోకి మార్పించుకున్నారు.

విద్యుత్ పనుల పర్యవేక్షకుడు:
పై సలహాకు నా వంతు చేరుస్తున్నాను. 16 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర 3,680 వాట్ల వరకే ఇవ్వగలదు. డిష్‌వాషర్ తీసుకునేది అంతకంటే బాగా తక్కువ కనుక ఇన్నాళ్లూ ఆ సాకెట్ మీద భారం పడలేదు. బిల్ట్-ఇన్ ఓవెన్లలో చాలావాటికి 3,000 వాట్ల పైచిలుకు కావాలి. సాకెట్ అదే అయినా గోడలోని తీగ ఏమిటో, అదే తీగ మీద మిక్సీ, మైక్రోవేవ్ సాకెట్లు కూడా ఉన్నాయేమో చూడకుండా ఓవెన్ కలపకండి. డీబీ (ఇంటి కరెంటు స్విచ్చులన్నీ ఉండే పెట్టె) నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, భారం మించితే తానే ఆగిపోయే విడి ఎంసీబీ స్విచ్చు, కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీ కనెక్షన్‌కు మంజూరైన కరెంటు పరిమితి, ఎంతో చూసుకోండి. ఏసీ, గీజరు, ఓవెన్ ఒకేసారి నడిచే సాయంత్రాలు ఉంటాయి.

సాకెట్ ఓవెన్ వెనుక ఉండకూడదు. అక్కడ వేడి చేరుతుంది, అవసరమైనప్పుడు ప్లగ్ తీయడానికి చేయి కూడా అందదు. పక్క కబ్‌బోర్డులో ఉండాలి. మీకు ఒక పక్క సింకు ఉంది కాబట్టి ఆ వైపు పెట్టడం కుదరదు, రెండోవైపే మిగిలింది. అక్కడ గ్యాస్ సిలిండరు ఉంటే అసలు ఈ ఆలోచనే మానుకోండి. గ్యాస్ రబ్బరు గొట్టం ఓవెన్ వెనుకగా పోకూడదు. అది ఐదేళ్లకోసారి మార్చవలసిన గొట్టం, వేడి తగిలితే అన్నేళ్లు కూడా నిలవదు.

మణికొండ గృహిణి:
అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ కొలిపించాను. సిలిండరు వంటగది బయటి యుటిలిటీ బాల్కనీలో ఉంది, అక్కడినుంచి పొయ్యి వరకు రాగి పైపు వేసి ఉంది కనుక ఆ భయం లేదు. కానీ ఖాళీకి ఒకవైపు సింకు, రెండోవైపు మూల వచ్చాయి. సాకెట్ మార్చడానికి పొడిగా, చేయి అందేలా ఉండే చోటు ఏ వైపూ లేదు. పైగా అది ఉన్న తీగ మీదే మిక్సీ సాకెట్ కూడా ఉందని ఎలక్ట్రీషియన్ తేల్చారు.

అందువల్ల ఓవెన్ గట్టు కింద కాకుండా, ఫ్రిజ్ పక్కన పచారీ సామాన్లు పెట్టుకునే నిలువు అలమరలో నడుము ఎత్తున పెట్టించాలనుకుంటున్నాము. డీబీ ఆ గోడ వెనుకే ఉంది కాబట్టి కొత్త తీగ లాగడం సులువు. మోకాళ్ల నొప్పుల వల్ల అత్తగారు వంగలేరు. ఆ ఎత్తులో అయితే తానూ వాడతానని ఆమే అనడంతో మావారి అభ్యంతరం కూడా తగ్గింది. పప్పుల డబ్బాలకు వేరే చోటు వెతకాలి. ఇక మిగిలిన ప్రశ్న డిష్‌వాషర్. దాన్ని బాగు చేయించాలా, తీసేసి అక్కడ సొరుగులు పెట్టించాలా?

కూకట్‌పల్లి విశ్రాంత ఉపాధ్యాయిని:
ఓవెన్‌కు ఆ చోటైతే నాకు అభ్యంతరం లేదు. డిష్‌వాషర్ విషయంలో మాత్రం తొందరపడకండి. అందులో రెండు పంపులు ఉంటాయి. కడగడం పూర్తయ్యాక అడుగున మురికి నీరు నిలిచిపోతుంటే లోపం నీటిని బయటికి తోడే పంపులో ఉండవచ్చు. దాని ధర తక్కువ, కొన్నిసార్లు ఫిల్టరు కింద మెతుకులు అడ్డుపడినా అలాగే జరుగుతుంది. నీరు నిండాక లోపల చిమ్మే చప్పుడే రాకపోతే లోపం నీటిని లోపల తిప్పే పంపులో ఉండవచ్చు, ఖర్చంతా దానికే. ఏ పంపుకు ఆ ధర చెప్పారో మెకానిక్‌ను అడిగి, వీలైతే ఆ మాట కాగితం మీద రాయించుకుని, అప్పుడు తీసేయాలో వద్దో తేల్చుకోండి. ఈలోగా డిష్‌వాషర్‌కు నీళ్లు వచ్చే కుళాయి (యాంగిల్ కాక్) మూసి ఉంచండి.