‘నేపథ్య గాయని’లోని నేపథ్యం ఏది?

పోయిన వారం మా చెన్నై తెలుగువారి చిన్న సంఘంలో ఒక ఆహ్వానపత్రిక ప్రూఫు దగ్గర పుట్టిన సందేహాన్ని ఇక్కడ చర్చకు పెడుతున్నాను. ఒకప్పుడు ఇక్కడి రికార్డింగ్ థియేటర్లలో సినిమా పాటలు పాడిన ఒక పెద్దావిడకు టి. నగర్‌లో సన్మానం తలపెట్టి, ఆవిడ పేరు కింద ‘ప్రసిద్ధ నేపథ్య గాయని’ అని వేయించాము. ప్రూఫు తెచ్చిన కుర్రవాడు ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు చక్కగానే చదవగలవాడు. వాడు నన్ను పక్కకు పిలిచి, “బాబాయిగారూ, నేపథ్యమంటే బ్యాక్‌గ్రౌండ్ కదా, అంటే ఆవిడ కోరస్‌లో పాడేవారా? అలాగైతే ఆ సంగతి కార్డు మీద వేస్తే చిన్నబుచ్చుకోరూ?” అని అడిగాడు. నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదనిపించింది.

వాడి తర్కంలో తప్పు లేదు. పత్రికల్లో రోజూ ‘ఎన్నికల నేపథ్యంలో’, ‘వర్షాల నేపథ్యంలో’ అని చదివేవాడికి, సినిమా సమీక్షల్లో ‘గ్రామీణ నేపథ్యం’, ‘నేపథ్య సంగీతం’ అన్న మాటలు చూసేవాడికి నేపథ్యమంటే వెనుక ఉండేదనీ, ముఖ్యమైనదాని కింద పరిచి ఉండేదనీ తోచడం సహజం. నేపథ్య సంగీతం నిజంగానే సంభాషణల కింద అణిగి నడుస్తుంది. నేపథ్య గానం అలా కాదు. పాట వచ్చిందంటే తక్కినవన్నీ తగ్గి ఆ గొంతు ఒక్కటే ముందుకు వస్తుంది. ఇంగ్లీషులో బ్యాక్‌గ్రౌండ్, ప్లేబ్యాక్ అని రెండు వేరు వేరు మాటలున్నచోట మనం ఒక్క మాటతో సరిపెట్టుకున్నాము కాబట్టి, రెండూ ఒకటేనని పిల్లలు అనుకుంటే ఆ తప్పు వాళ్ళది కాదు.

ప్లేబ్యాక్ అన్నది మనిషిని గురించిన మాట కాదు, యంత్రాన్ని గురించిన మాట. తొలి టాకీలలో నటులు కెమెరా ముందే పాడేవారు, వాద్యాలవాళ్ళు తెర మీద కనబడకుండా ఏ చాటునో కూర్చుని వాయించేవారు. 1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వారు నితిన్ బోస్ దర్శకత్వంలో తీసిన చిత్రంతో, పాటను ముందే రికార్డు చేసి, చిత్రీకరణ వేళ దాన్ని తిరిగి వినిపిస్తూ నటుల చేత పెదవులు కదిలించే పద్ధతి మన దేశంలో మొదలైంది. ఆ తిరిగి వినిపించడమే ప్లేబ్యాక్. తెలుగులో తొలి నేపథ్య గాయకుడిగా ఎం.ఎస్. రామారావు పేరు చెబుతారు. నాగయ్య, భానుమతి వంటివారు ఆ పద్ధతి వచ్చిన తరువాత కూడా తమ పాటలు తామే పాడుకున్నారు. ఈ యంత్రపు మాటను దేశభాషలు తలా ఒక తీరున మలచుకున్నాయి. ఇక్కడి తమిళుల ‘పిన్నణి పాడగర్’ వెనుక వరుసలో ఉన్నాడు, కన్నడిగుల ‘హిన్నెలె గాయక’లోనూ వెనుకే ఉంది, హిందీవారి ‘పార్శ్వగాయక్’ పక్కన నిలబడ్డాడు. బెంగాలీవారూ మనమూ మాత్రం నాటకశాలలోకి వెళ్ళి నేపథ్యాన్ని తెచ్చుకున్నాము.

సంస్కృత నాటకం చదివినవారికి ఈ మాట బ్యాక్‌గ్రౌండ్ కాదని వేరే చెప్పనక్కరలేదు. శాకుంతలం ప్రస్తావనలో సూత్రధారుడు నేపథ్యం వైపు చూసి, “ఆర్యే, యది నేపథ్యవిధానమవసితమ్, ఇతస్తావదాగమ్యతామ్”, అంటే ముస్తాబు పని ముగిస్తే ఇటు రమ్మని, నటిని పిలుస్తాడు. చూసిన చోటూ నేపథ్యమే, అక్కడ ముగియవలసిన పనీ నేపథ్యమే. మొదటిది తెర వెనుక నటులు ముస్తాబయ్యే గది, రెండవది ఆ ముస్తాబు. సంస్కృత నిఘంటువైన అమరకోశం ఈ రెండవ అర్థాన్నే పట్టుకుని, “ఆకల్పవేషౌ నేపథ్యం ప్రతికర్మ ప్రసాధనమ్” అని వేషంతో కలిపి చెప్పింది. ఇక ఆ గదిలోనుంచి వచ్చే మాటలు ఎలాంటివో చూడండి. మొదటి అంకంలో దుష్యంతుడు బాణం ఎక్కుపెట్టినప్పుడు, ఇది ఆశ్రమమృగం, చంపరాదు, చంపరాదు అని ఆపే గొంతు ముందుగా నేపథ్యంలోనుంచే వినిపిస్తుంది. నాలుగవ అంకంలో దుర్వాసుడి శాపమూ నేపథ్యంలోనుంచే వస్తుంది. ఆయన రంగం మీదకు రానే రాడు. కథనంతటినీ మలుపు తిప్పిన ఆ గొంతును బ్యాక్‌గ్రౌండ్ అని ఎవరంటారు?

వేషమన్న అర్థం పట్టుకుంటే పాటగాళ్ళ పని ఇంకా బాగా అర్థమవుతుంది. 1957 నాటి మాయాబజార్‌లో వెన్నెల రాత్రి పడవ మీద అభిమన్యుడుగా నాగేశ్వరరావు, ఆ తరువాత కృష్ణుడుగా రామారావు ఒకే పాటను అందుకుంటారు. ఇద్దరి నోటా పలికింది ఘంటసాల గొంతే, అయినా ఎవరి పాట వారిదిగానే మనకు వినిపిస్తుంది. అదే చిత్రంలో పెళ్ళివంటకాల ముందు కూర్చున్న ఘటోత్కచుడి పాట పాడినది మాధవపెద్ది సత్యం అని తెలిసి కూడా, ఆ నవ్వు ఎస్.వి. రంగారావుది కాదంటే మా ఇంట్లో ఇప్పటికీ ఒప్పుకోరు. బాలసుబ్రహ్మణ్యం అల్లు రామలింగయ్యకు పాడితే ఆ నటుడి నోటి విరుపులన్నీ పాటలోకి వచ్చి కూర్చునేవి. కిరీటం, భుజకీర్తులు తొడిగినట్టే నటుడికి గొంతు తొడిగారన్నమాట, ఆ వేషం కుట్టినచోటు రికార్డింగ్ థియేటర్. కుట్టినవారి పేరు కొన్నిసార్లు బయటకు రానేలేదు: 1949లో బొంబాయిలో వచ్చిన మహల్ చిత్రానికి లతా మంగేష్కర్ పాడిన పాట గ్రామఫోను రికార్డు మీద తొలుత కథానాయిక పాత్ర పేరైన ‘కామిని’ అనే పడింది.

ఇదే వరసలో మరొక మాటను కూడా చూడాలి. ఒకరికి మరొకరు గొంతు ఇస్తే మనం ‘గాత్రదానం’ అంటాము. అమరం తెరిస్తే “గాత్రం వపుః సంహననం శరీరం” అని ఉంటుంది, అంటే గాత్రమంటే ఒళ్ళు. ఒళ్ళు గొంతుగా ఎప్పుడు మారిందని తవ్వితే నారదీయశిక్ష అనే పాత సంస్కృత గ్రంథం దగ్గర ఒక జాడ దొరుకుతుంది: వీణలు రెండు, ఒకటి కొయ్యతో చేసినది, రెండవది సామగులు, అంటే సామవేదం పాడేవారు, పాడే గాత్రవీణ. గాత్రవీణలో వీణ జారిపోయి గాత్రం ఒక్కటే గొంతుకు పేరుగా మిగిలిందని నా ఊహ. సంగీతజ్ఞులు వాడే ‘శారీరం’ కూడా అంతే. అభ్యాసం లేకున్నా రాగాన్ని పలికించగల ధ్వనిశక్తి శరీరంతోపాటే పుడుతుంది కనుక అది శారీరమని సంగీతరత్నాకరం చెప్పింది. కాకినాడలో పుట్టి, ఈ ఊళ్ళో స్థిరపడి, కన్నడ చిత్రసీమకు గొంతైన పి.బి. శ్రీనివాస్‌ను గురించి, తాను శరీరం, ఆయన శారీరం అని కన్నడ నటుడు రాజ్‌కుమార్ అనేవారన్నది కన్నడనాట అందరికీ తెలిసిన మాట. ఒక్క దీర్ఘంతో మొత్తం సంగతి చెప్పేశారు.

పై రాతకు వచ్చిన వ్యాఖ్యలలో మూడింటికి ఇక్కడే కలిపి జవాబు ఇస్తున్నాను.

‘వంతపాట’ అనే అచ్చతెలుగు మాట ఉండగా సంస్కృతం దేనికని ఒకరు అడిగారు. మాట ముచ్చటైనదే గాని పని వేరు. బుర్రకథలో కథకుడు పాడిన పాదాన్ని అందుకుని పాడేవాళ్ళు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెప్పినా, కథ నడిపేది నడుమనున్న కథకుడే. సినిమా పాటలో గాయని అందుకునేది లేదు, ఆవిడ పాడినదాన్ని అందుకునేది నటి. ఆ లెక్కన వంత ఎవరో మీరే చెప్పండి. పైగా ‘వంత పాడటం’ ఇప్పుడు ఏ అర్థంలో వాడుతున్నారో తెలిసి, ఆ మాటను ఒక పెద్దావిడ పేరు కింద వేయించే ధైర్యం నాకు లేదు. ‘తెర వెనుక గాయని’ అన్న సూచన ఇంకా ప్రమాదం, అది చదివితే ఏదో కుట్ర జరిగినట్టుంటుంది.

ఈ మాటను సినిమాకు తెచ్చినవారు అమరాన్నీ కాళిదాసునూ తలుచుకుని ఉండరనీ, కనబడని చోటు అన్న మేరకే తీసుకుని ఉంటారనీ మేష్టారు ఒకరు రాశారు. మేష్టారూ, మీరన్నదే నిజం కావచ్చు. వేషమన్న అర్థం వాళ్ళ ఉద్దేశమని నేను వాదించడం లేదు; వాళ్ళు ఎత్తుకొచ్చిన పెట్టెలో అది కూడా ఉందంటున్నాను, అంతే. నా అభ్యంతరమంతా పత్రికల ‘నేపథ్యంలో’ మీదనే. ‘వర్షాలు పడుతున్నందువల్ల’ అనదగినచోట ‘వర్షాల నేపథ్యంలో’ అని రాసి రాసి మాటను అరగదీశారు, అందుకే ఆ కుర్రవాడికి వేరే అర్థం తోచలేదు.

మూడవ వ్యాఖ్య అందరికన్నా చిన్నది, నన్ను సిగ్గుపరిచినది కూడా. నేను ఇక్కడ పెట్టిన ప్రూఫు బొమ్మను పెద్దది చేసి చూసిన ఒక అమ్మాయి, “పొట్టలో చుక్క ఏదండీ?” అని మాత్రం అడిగింది. కళ్ళజోడు సవరించుకుని చూశాను. కార్డు మీద ఉన్నది ‘నేపథ్య’ కాదు, ‘నేపధ్య’. అర్థం కోసం అమరకోశం దాకా వెళ్ళిన నేనూ, కోరస్ అని కంగారుపడిన కుర్రవాడూ, మధ్యలో ముగ్గురు కార్యవర్గ సభ్యులూ ఆ అక్షరాన్ని దాటుకుంటూ వెళ్ళిపోయాము. ప్రెస్సుకు ఫోను చేస్తే ఇంకా యంత్రం ఎక్కించలేదన్నారు. రేపు పొద్దున్న నేనే వెళ్ళి ఎర్ర సిరాతో ఆ చుక్క పెట్టి వస్తాను.