డ్రయ్యర్ వేడెక్కగానే ఆర్‌సీసీబీ పడిపోతోంది: లోపం హీటర్‌దేనా?

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న బట్టల డ్రయ్యర్ వెనుక రేకు మీద 230 వోల్టులు, 2400 వాట్లు అని ఉండటంతో, బోర్డు నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే పడిపోయే స్విచ్చు), మూడు పిన్నుల సాకెట్ పెట్టించాను. చల్లగాలి మీద డ్రమ్ము ఎంతసేపైనా తిరుగుతుంది. వేడి పెడితే మాత్రం రెండు మూడు నిమిషాల్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) పడిపోతుంది; ఎంసీబీ పడదు కనుక ఇది లోడు సమస్య కాదనుకుంటున్నాను. అదే సాకెట్లో ఇస్త్రీపెట్టె ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తోంది.

ప్లగ్గు తీసి చూస్తే హీటర్ కాయిల్ కొనల మధ్య మల్టీమీటర్ 22 ఓమ్‌లు చూపింది, వాట్ల లెక్కకు అది సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు కాయిల్‌కూ బాడీకీ మధ్య మీటరు ఏమీ చూపడం లేదు. కాయిల్ చుట్టూ దట్టంగా పేరుకున్న నూలు పీచు దులిపి, టెర్మినల్ స్క్రూలు బిగించి, ప్లగ్గులో న్యూట్రల్, ఎర్త్ తారుమారు కాలేదని సరిచూసుకున్నా ఫలితం లేదు. ఎర్త్ వైరు తీసేయమని ఒకరు సలహా ఇచ్చారు గానీ, అది ప్రాణం మీదికి తెచ్చే పని కనుక చేయను.

వేడెక్కినప్పుడు మాత్రమే లీకవుతున్నది హీటరేనని, కొత్తది కొనేముందు, మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) లేకుండా సురక్షితంగా నిర్ధారించుకోవడం ఎలా?