శాన్ మార్జానో టమాటా కాయ అడుగు నల్లబడితే గుడ్డు పెంకులా, నీళ్ళా?

పెరటిపాదు: శాన్ మార్జానో అనే పొడుగు టమాటా రకంలో మొదటి గుత్తి కాయలు సగం ఊరేసరికి అడుగున మచ్చ పడి, నల్లగా తోలులా అణిగిపోతాయి. పక్కనే ఉన్న గుండ్రటి రకాలకు చాలాసార్లు ఏమీ కాదు. ఇది కాల్షియం లోపమని అందరూ ఒప్పుకుంటారు. అలాంటప్పుడు నాటే గుంతలో రెండు గుప్పిళ్ళ గుడ్డు పెంకుల పొడి వేస్తే తప్పేంటి?

నీటిలెక్క: లోపం కాయలో అండీ, మట్టిలో కాదు. కాల్షియం వేళ్ళు పీల్చిన నీటితోనే పైకెక్కుతుంది. ఆ నీటిని లాగేది ఆకులు. కాయ తొక్క మైనం పూసినట్టుంటుంది, దాన్నుంచి ఆవిరయ్యేది అతి తక్కువ, కాబట్టి కాయకు దక్కేది కొసరే. ఆకులో చేరింది మళ్ళీ కాయకు దిగదు. అందుకే ఆకుల మీద కాల్షియం పిచికారీ కూడా దండగ. మట్టి ఎండినప్పుడు మొదట కోత పడేది తొడిమకు దూరంగా ఉన్న కొనకే. పొడుగు కాయలో ఆ కొన ఇంకా దూరం.

పెరటిపాదు: మరి పెంకులు వేశాక తర్వాతి గుత్తులు శుభ్రంగా వస్తున్నాయి కదా?

నీటిలెక్క: ఏమీ వేయకపోయినా చాలాసార్లు వస్తాయి! దెబ్బ తగిలేది పిందె బఠాణీ గింజ నుంచి గోలీ అంత అయ్యే లోపు. మచ్చ కనపడేది ఆ తర్వాత. మనం చూసి ఏదో ఒకటి వేసేసరికి వేళ్ళు లోతుకు దిగి ఉంటాయి, నీళ్ళు పోయడమూ ఒక పద్ధతిలో పడుతుంది. పేరు మాత్రం పెంకులకు పోతుంది. ఎప్సమ్ సాల్ట్ వేసేవాళ్ళదీ ఇదే మాట. అందులో ఉన్నది మెగ్నీషియం, అది వేళ్ళ దగ్గర కాల్షియంతో పోటీ పడుతుంది.

సున్నపునేల: ఇద్దరూ మట్టి పరీక్ష ఊసే ఎత్తలేదు. పీహెచ్ (మట్టి ఆమ్లత కొలత) 6 కన్నా తక్కువైతే మట్టిలోనే కొరత ఉండొచ్చు. అప్పుడు వ్యవసాయ సున్నం, అదీ నాటడానికి రెండు మూడు నెలల ముందు. పీహెచ్ 6.2–6.8 మధ్య ఉండి కాల్షియం మాత్రం తక్కువని తేలితే జిప్సం వేయండి, పీహెచ్ పెద్దగా మారదు. పెంకు కూడా కాల్షియం కార్బొనేటే. కానీ చేత్తో నలిపిన ముక్కలు ఏళ్ళ తర్వాత తవ్వినా అలాగే దొరుకుతాయి. పిండిలా నూరితే ఆమ్ల నేలలో కొంత కరుగుతుంది.

పెరటిపాదు: వెనిగర్‌లో వేస్తే బుసబుసా పొంగి కరుగుతాయిగా.

సున్నపునేల: కరుగుతాయి. మట్టిలో కొరత లేనప్పుడు ఆ నీళ్ళు పోసి ఏం లాభం? దారి మళ్ళీ ఆకులకే.

తీగపందిరి: నత్రజనిని మర్చిపోతున్నారు. పూత మీద యూరియా, అమ్మోనియం సల్ఫేట్ ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి నీరంతా అదే లాగేస్తుంది. పైగా అమ్మోనియం కాల్షియంకు అడ్డుపడుతుంది. పిలకల సంగతీ అంతే. శాన్ మార్జానో ఆగకుండా పెరిగే రకం, రెండు మీటర్ల కర్ర కావాలి. ప్రధాన కాండం, మొదటి గుత్తికి సరిగ్గా కింద వచ్చే పిలక, ఈ రెండే ఉంచి మిగతావి వేలెడు పొడుగు దాటకముందే గిల్లేయాలి.

నీటిలెక్క: రెండు కొమ్మలకు సరే. ఒంటికొమ్మ చేసి ఆకులు కూడా దూసేస్తే కాయ భుజం మీద తెల్లటి ఎండదెబ్బ మచ్చ వస్తుంది. దాన్నీ ఈ అడుగు కుళ్ళే అనుకుంటారు. రోమా రకం టమాటా జోలికి మాత్రం పిలకల కత్తెరతో వెళ్ళకండి. అది పొట్టి రకం, పిలకలు తీస్తే కాపే పోతుంది. (పేరు రోమాయే గానీ పుట్టింది అమెరికాలో.)

పెరటిపాదు: సరే, నీళ్ళ పద్ధతి చెప్పండి.

నీటిలెక్క: వేలు రెండు కణుపులు మట్టిలో దించండి. అక్కడ పొడిగా తగిలితే కుదురు నిండా నిదానంగా పోయండి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్ళు పైనే ఉండిపోతాయి. మట్టి వేడెక్కాక మొక్క మొదలు చుట్టూ 7 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డి పరవండి, కాండానికి తగలకుండా. అసలు కష్టం కుండీల్లోనే. మొక్కకు 40 లీటర్ల మట్టి లేకపోతే మండుటెండలో రోజుకు రెండుసార్లు పోయాల్సి వస్తుంది, ఒక్క పూట తప్పినా ఆ వారం పిందెలకు దెబ్బే.

తీగపందిరి: మచ్చ పడ్డ కాయలు కోసేయండి, అవి బాగుపడవు. అంటుకునే తెగులు కాదు కాబట్టి మొక్కను పీకనక్కర్లేదు. విత్తనానికి మాత్రం రెండో, మూడో గుత్తుల్లోని నిండు కాయలు ఉంచండి.