చిన్న ఎపిస్కోపల్ చర్చిలో చేరొచ్చా? ఆదివారం కాకుండా మిగతా వారమంతా అక్కడేం జరుగుతుంది?

నీలిగొడుగు:
అందరికీ వందనాలు. ఈమధ్యే మా ఆయన ఉద్యోగం వల్ల ఒహాయోలో ఒక చిన్న ఊరికి మారాం, మేమిద్దరం, ఆరేళ్ల పాప. తెలుగు చర్చి కావాలంటే బాగా దూరం డ్రైవ్ చెయ్యాలి, ప్రతి వారం అయ్యే పని కాదు. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), ఆరాధన క్రమం పుస్తకం చేతిలో పట్టుకుని పెరిగినవాళ్లం, ఇక్కడ పెద్ద చర్చిలకి వెళ్తే స్టేజీ లైట్లు డ్రమ్స్ పొగ, నాకైతే ఆరాధనకి వెళ్లొచ్చినట్టే అనిపించలేదు. తర్వాత మా పక్కింటావిడ వాళ్ల ఎపిస్కోపల్ చర్చికి (అమెరికాలో ఆంగ్లికన్ సంఘం) రమ్మంటే వెళ్లాం. పాపాల ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం), అన్నీ ఇంచుమించు మన వరసలోనే ఉన్నాయి, మా ఆయనైతే పుస్తకం చూడకుండానే సగం చెప్పేశారు.

ఇప్పుడు నా డౌట్లు. ముప్పై మంది కూడా లేరు, ఉన్నవాళ్లు ఎక్కువమంది రిటైరైనవాళ్లే. ప్రీస్ట్ ఒకావిడ, ఆవిడా పార్ట్‌టైమే. ఇలాంటి చర్చి నిలబడుతుందా అసలు? రెండోది, శనివారం అక్కడ ఫుడ్ ప్యాంట్రీ (అవసరమైనవాళ్లకి ఊరికే సరుకులిచ్చేది) పెడతారు, కార్లు రోడ్డు దాకా లైన్ కడతాయి, సంచులు ఇచ్చి పంపేస్తారు, ప్రార్థన లేదు వాక్యం లేదు కనీసం ఒక కరపత్రం కూడా లేదు. ఇది ఫోన్లో చెప్తే మా అత్తగారు "సువార్త చెప్పకుండా బియ్యం పప్పులు పంచితే అది చర్చి ఎలా అవుతుందమ్మా" అన్నారు, నాకేం చెప్పాలో తెలీలేదు. ఇంకోటి, పాపకి కూడా రొట్టె ఇచ్చేశారు, మన దగ్గర కన్ఫర్మేషన్ (కాస్త పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే ఆచారం) అయ్యేదాకా ఇవ్వరు కదా. నేను హెచ్4 (డిపెండెంట్ వీసా, మామూలుగా ఉద్యోగం చెయ్యకూడదు) మీద ఉన్నా, ప్యాంట్రీలో సాయం చెయ్యొచ్చా? ఎవరైనా ఇలాంటి చిన్న పారిష్‌లో ఉన్నవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.

వెనకబెంచీ:
వందనాలు సిస్టర్. నేను ఇలాంటి దాంట్లోనే ఉన్నా, ప్రస్తుతం వెస్ట్రీలో కూడా ఉన్నా (వెస్ట్రీ అంటే మన పాస్టరేట్ కమిటీ లాంటిదే, జనవరి ప్రాంతంలో యాన్యువల్ మీటింగ్‌లో ఎన్నుకుంటారు, బిల్డింగూ డబ్బులూ వీళ్ల బాధ్యత, ఆరాధన మాత్రం ప్రీస్ట్ చేతిలో). మీకు వరస తెలిసినట్టు అనిపించడంలో వింతేం లేదు, 1947లో సీఎస్ఐలో కలిసిన సంఘాల్లో ఆంగ్లికన్ వాళ్లు (చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్ సంప్రదాయం) ఒకరు, ఈరోజుకీ సీఎస్ఐ, ఎపిస్కోపల్ చర్చి రెండూ ఆంగ్లికన్ కమ్యూనియన్‌లోనే ఉన్నాయి. డోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1912లో బిషప్ అయింది కూడా ఆంగ్లికన్ బిషప్‌గానే. కాబట్టి మీ అత్తగారికి కొత్త మతంలోకి పోతున్నారేమో అన్న భయం ఉంటే అదొక్కటీ ముందు తీసెయ్యండి.

పాప విషయం: ఇక్కడ 1979 ప్రేయర్ బుక్ ప్రకారం బాప్తిస్మంతోనే సంఘంలో పూర్తిగా చేరినట్టు, అందుకే పిల్లలకీ ఇస్తారు. మీకిష్టం లేకపోతే పాపని రెండు చేతులు గుండె మీద పెట్టుకోమనండి, ఆశీర్వాదం ఇచ్చి పంపుతారు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక వారం సంగతి. బయటనుంచి చూస్తే ఆదివారం గంటన్నరే చర్చి అనిపిస్తుంది గానీ చిన్న పారిష్‌లో పని మిగతా రోజుల్లోనే ఎక్కువ. మా దగ్గర సోమవారం కానుకలు లెక్కపెడతారు, ఒక్కరే లెక్కపెట్టకూడదు, కచ్చితంగా ఇద్దరుండాలి, వాళ్లు ఒక ఇంటివాళ్లు కాకూడదు. బుధవారం మధ్యాహ్నం చిన్న బల్ల ఆరాధన, కావాలన్నవాళ్లకి నూనె రాసి స్వస్థత ప్రార్థన, వచ్చేది అయిదారుగురే. సాయంత్రాలు కింద హాల్లో ఏఏ (తాగుడు మానాలనుకునేవాళ్ల గ్రూపు) మీటింగులు, అది చర్చి ప్రోగ్రాం కాదు, వాళ్లు వేరే, కాస్త అద్దె కడతారు ఎందుకంటే బయటివాళ్ల డబ్బు తీసుకోకూడదని వాళ్ల రూల్. (ఏఏ మొదలైన రోజుల్లో దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన బిల్ విల్సన్ మీద ఎక్కువ ప్రభావం ఉన్నది న్యూయార్క్ కాల్వరీ చర్చిలో ఉన్న శామ్యూల్ షూమేకర్ అనే ఎపిస్కోపల్ ప్రీస్ట్‌దే, ఇది చాలామందికి తెలీదు.) వారం మొత్తంలో మా బిల్డింగ్‌లోకి వచ్చే మనుషుల్ని లెక్కేస్తే ఆదివారం వచ్చేవాళ్ల కంటే ఆ హాల్లోకి వచ్చేవాళ్లే ఎక్కువ, ఆ లెక్క మాత్రం డయాసిస్‌కి (ఒక బిషప్ కింద ఉండే చర్చిలన్నీ కలిపి) పంపే రిపోర్టులో ఆదివారం హాజరు గడిలో పడదు.

శనివారం ఆల్టర్ గిల్డ్ (బల్ల సామాను సిద్ధం చేసేవాళ్లు) వాళ్ల పని. నాకు బాగా నచ్చేది ఇదే. అందరూ తాగే ద్రాక్షరసం గిన్నె తుడిచే తెల్ల గుడ్డలుంటాయి కదా, వాటి మీద లిప్‌స్టిక్ మరకలు వదలగొట్టడం ఒక పెద్ద విద్య, మా గిల్డ్‌లో డెబ్భై ఏళ్లు దాటిన ఒకావిడ ముందు చల్లనీళ్లలో జాడించి ఆ మొదటి నీళ్లు సింకులో పొయ్యకుండా బయటికెళ్లి మట్టిలో పోస్తుంది, ద్రాక్షరసం డ్రైనేజీలోకి పోకూడదని. తర్వాత ఇస్త్రీ, మూడు మడతలు అటు మూడు మడతలు ఇటు, విప్పితే మధ్యలో శిలువ ఆకారం రావాలి. ఆవిడ పక్కన ఒక గంట నిలబడితే ఏ కొత్తమెంబర్ల క్లాసూ అక్కర్లేదు.

నిలబడుతుందా అని అడిగారు. చిన్నవి మూతపడుతున్న మాట నిజమే, అబద్ధం చెప్పను. అయితే మనుషుల లెక్క ఒక్కటే చూడకండి, బడ్జెట్ చూడండి, యాన్యువల్ మీటింగ్ రిపోర్ట్ అడిగితే ఇస్తారు. ప్లెడ్జిలు (సభ్యులు ఏడాదికి ఇస్తామని మాటిచ్చిన కానుకలు) ఎంత, పాత ఫండ్ నుంచి ఏటా ఎంత లాగుతున్నారు, రూఫ్ వయసెంత. రూఫ్, బాయిలర్ ఈ రెండే చిన్న చర్చిల్ని ముంచేవి.

సూటిమాట:
ఒక్క విషయం ఎవరూ ముందు చెప్పరు కాబట్టి నేను చెప్తా. ఎపిస్కోపల్ చర్చి 2015 నుంచి ఒకే జెండర్ వాళ్ల పెళ్లిళ్లు కూడా చేస్తుంది, మన సీఎస్ఐ పెద్దలు చాలామందికి ఇది మింగుడు పడదు. మీరు ఏమనుకుంటారో మీ ఇష్టం, నేనేం వాదించట్లేదు, చేరాక తెలిసి ఇంట్లో గొడవ అవ్వకుండా ముందే తెలుసుకోండి అంతే. ఆడవాళ్లు ప్రీస్టులు అవ్వడం గురించైతే అత్తగారు ఏమీ అనలేరు లెండి, 2013లో మన నంద్యాల డయాసిస్‌కే పుష్ప లలిత గారు బిషప్ అయ్యారు.

నా అసలు అభ్యంతరం వేరే. మీ పాపకి అక్కడ ఇంకో పిల్ల ఉందా? లేకపోతే సండేస్కూల్ ఎంత బాగున్నా రెండేళ్లలో రానంటుంది. మేం అలా మెథడిస్ట్ చర్చికి మారాం.

ఉల్లిపాయలబస్తా:
నేను ప్యాంట్రీ నడిపే టీంలో ఉన్నా, ఈ థ్రెడ్ చూసి ఊరుకోలేకపోయా. నీలిగొడుగు గారూ, వాక్యం ఎందుకు చెప్పరు అన్నదానికి సగం జవాబు రూల్‌లోనే ఉంది. చాలా ప్యాంట్రీల్లో సరుకులో కొంత టీఫాప్ అనే ప్రోగ్రాం కింద యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) నుంచి ఫుడ్ బ్యాంక్ (ప్యాంట్రీలకి సరుకు పంపే సంస్థ) ద్వారా వస్తుంది, ఆ సరుకు తీసుకునేవాళ్లని ప్రార్థనలో కూర్చోమనీ, పేరు రాయించుకుని చర్చికి రమ్మనీ కండిషన్ పెట్టకూడదు. గోడ మీద వివక్ష చూపించం అని యూఎస్‌డీఏ పోస్టర్ కూడా ఉంటుంది, ఈసారి వెళ్లినప్పుడు చూడండి.

మిగతా సగం రూల్ కాదు, మేం కావాలని ఎంచుకున్నది. అన్నం కోసం లైన్లో నిలబడ్డ మనిషికి వాక్యం చెప్తే ఆయన కాదనలేడు కదండీ. కాదనలేని మనిషికి చెప్పేది సువార్త ఎలా అవుతుంది? ఎవరైనా వాళ్లంతట వాళ్లు "నాకోసం ప్రార్థన చెయ్యండి" అంటే పక్కకి తీసుకెళ్లి చేస్తాం, అడిగేవాళ్లు మీరనుకునేదాని కంటే ఎక్కువే ఉంటారు, ముఖ్యంగా ఆస్పత్రి బిల్లులు ఉన్నవాళ్లు. మీ అత్తగారికి నేనైతే మత్తయి 25 చదవమని చెప్తా, అందులో యేసు ఆకలిగొన్నప్పుడు భోజనం పెట్టారా అని అడిగాడే గానీ కరపత్రం ఇచ్చారా అని అడగలేదు 😀

ప్యాంట్రీ ఒక్కటే ఔట్‌రీచ్ అనుకోకండి. ప్రీస్ట్ దగ్గర డిస్క్రీషనరీ ఫండ్ అని ఉంటుంది, నెలలో ఒక ఆదివారం కవర్లో కాకుండా ప్లేట్లో పడిన డబ్బు అందులోకి పోతుంది, కరెంటు కట్ అయ్యే ఇంటికి బిల్లు కట్టడానికీ, ఉద్యోగానికి వెళ్లడానికి పెట్రోల్ కార్డుకీ వాడతారు, చేతికి క్యాష్ ఇవ్వరు, నేరుగా కంపెనీకే చెక్ రాస్తారు, ఎవరికిచ్చారో వెస్ట్రీకి కూడా పేర్లు చెప్పరు. కొన్ని చర్చిల్లో లాండ్రీ లవ్ చేస్తారు, అది కాలిఫోర్నియాలో వెంచురాలో మొదలైంది, నెలకోసారి లాండ్రోమాట్‌కి (డబ్బులేసి బట్టలుతుక్కునే చోటు) క్వార్టర్లు (పాతిక సెంట్ల నాణేలు) పట్టుకెళ్లి వచ్చినవాళ్ల బట్టలకి డబ్బులు వెయ్యడమే, మిషన్ తిరిగేంతసేపు వాళ్లకి వేరే పని ఉండదు కాబట్టి మాట్లాడతారు. ప్యాంట్రీలో కార్ కిటికీలోంచి అంత మాట రాదు, మా ప్యాంట్రీలో నాకు నచ్చనిది అదే, కోవిడ్ అప్పుడు కార్ లైన్ పెట్టాం, ఇప్పటికీ అదే నడుస్తోంది, లోపలికి రమ్మంటే ఏం కావాలో వాళ్లే ఎంచుకోవచ్చు, సరుకు కూడా వేస్ట్ అవ్వదు. దీని మీద మా వాళ్లతో ప్రతి మీటింగ్‌లో గొడవే.

వాలంటీర్‌గా చేరితే ముందు మీకు డబ్బాలు చూసే పని ఇస్తారు. మూత ఉబ్బినా, అంచు మీద సొట్ట పడ్డా పక్కన పెట్టెయ్యాలి. డేట్ దాటిందని మాత్రం అన్నీ పారెయ్యకండి, ఫెడరల్ రూల్ ప్రకారం డేట్ తప్పనిసరిగా ఉండాల్సింది బేబీ ఫార్ములా మీదే, అది మాత్రం ఒక్కరోజు దాటినా ఇవ్వకూడదు. బీన్స్ డబ్బా మీద ఉండేది రుచి బాగుండే టైమ్ అంతే.

కాగితాలమనిషి:
హెచ్4 గురించి: జీతం ఆశించకుండా, అక్కడ మామూలుగా అందరూ ఊరికే చేసే పని అయితే వాలంటీరింగ్ ఓకే, ప్యాంట్రీలో సంచులు కట్టడం అలాంటిదే. జీతం ఇచ్చి చేయించే పోస్ట్ (ఆఫీస్ సెక్రటరీ లాంటివి) ఫ్రీగా చేస్తానని ఒప్పుకోకండి. గిఫ్ట్ కార్డ్ ఇచ్చినా వద్దనండి. డౌట్ ఉంటే లాయర్ని అడగండి, ఫోరంని కాదు. పిల్లలతో పనయితే బ్యాక్‌గ్రౌండ్ చెక్, సేఫ్ చర్చ్ ట్రైనింగ్ (పిల్లల భద్రత గురించి) అడుగుతారు, దాన్ని తప్పుగా తీసుకోకండి, తెల్లవాళ్లనీ అడుగుతారు.

నీలిగొడుగు:
అందరికీ చాలా థాంక్స్. సూటిమాట గారూ, పాప ఈడు పిల్లలు ఇద్దరున్నారు, వాళ్ల అమ్మమ్మ తీసుకొస్తుంది, ప్రతి వారం రారు. 2015 సంగతి మాకు తెలీదు, మా ఆయనతో మాట్లాడాలి. మత్తయి 25 అత్తగారికి చెప్పా, "నాకు తెలియకనా, దాని తర్వాత 28 కూడా ఉంది చూసుకో" అన్నారు (వెళ్లి అందరినీ శిష్యులుగా చెయ్యమన్న అధ్యాయం) 😅 సభ్యత్వం సంగతి తర్వాత చూద్దాం, ముందైతే ప్యాంట్రీకి వెళ్దాం అనుకుంటున్నాం. శనివారం పొద్దున ఎన్నింటికి వెళ్లాలి మామూలుగా?

ఉల్లిపాయలబస్తా:
అత్తగారు గట్టివారే! టైమ్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది గానీ శనివారం పంచడానికి మనుషులు దొరుకుతారండీ, కరువు వచ్చేది ఫుడ్ బ్యాంక్ ట్రక్ దిగేరోజు. మా దగ్గర అది శుక్రవారం మధ్యాహ్నం, అందరూ ఆఫీసుల్లో ఉంటారు, బంగాళాదుంపల బస్తాలు దించేది డెబ్భై ఏళ్ల పెద్దాయన. మీవాళ్లని ట్రక్ ఎప్పుడొస్తుందో అడిగి, మీ ఆయనకి వీలైతే ఆ రోజు పంపండి. చెప్పులతో వద్దు, షూస్ వేసుకుని రమ్మనండి, ప్యాలెట్ జాక్ (బరువులు లాగే బండి) చక్రం కాలి మీదకి ఎక్కితే నెల మంచం.