చాప్‌మన్ కోసం టోరెస్‌ను ఇచ్చేయడం: 2016 కబ్స్ పంచాయితీ మళ్ళీ మొదటికి

వరండా కుర్చీ (నేపర్‌విల్)

జూలైలో బేస్‌బాల్ జట్లు ఆటగాళ్ళను మార్చుకునే ట్రేడ్ గడువు దగ్గరపడితే చాలు, మా ఇంట్లో ఇదే గొడవ. నిన్న న్యూజెర్సీ నుంచి మా తోడల్లుడు భోజనానికొచ్చాడు. న్యూయార్క్ యాంకీస్ జట్టు వీరాభిమాని. పప్పుచారు కలుపుకుంటూనే, "ఏమైనా చెప్పండి అన్నయ్యా, మూడు నెలలు అద్దెకుండే మనిషి కోసం మీ కబ్స్ వాళ్ళు సొంతిల్లు రాసిచ్చేశారు" అన్నాడు. అక్కడికి ఊరుకున్నాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2016లో షికాగో కబ్స్ మంచి ఊపు మీద ఉంది. 1908 తర్వాత వరల్డ్ సిరీస్ గెలవని జట్టు. బ్యాటింగ్ ఉంది, మ్యాచ్ మొదలుపెట్టి బంతులు విసిరే స్టార్టింగ్ పిచ్చర్లు ఉన్నారు, చివరి ఇన్నింగ్స్ మూసే క్లోజర్ మీదే నమ్మకం లేదు. జూలై 25న యాంకీస్ నుంచి అరోల్డిస్ చాప్‌మన్‌ను తెచ్చారు. గంటకు వంద మైళ్ళు దాటి విసిరే ఎడమచేతి వాటం వాడు. సీజన్ అయిపోతే ఫ్రీ ఏజెంట్, ఎక్కడికైనా పోవచ్చు. బదులుగా నలుగురిని ఇచ్చారు: 19 ఏళ్ళ షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్) గ్లేబర్ టోరెస్, బిల్లీ మెకిన్నీ, రషాద్ క్రాఫర్డ్, రిలీవర్ (స్టార్టర్ తర్వాత దిగే పిచ్చర్) ఆడమ్ వారెన్. అసలు సరుకు టోరెస్. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో క్లీవ్‌ల్యాండ్‌ను ఓడించి కప్పు గెలిచాం.

నా మాట ఇది: ట్రేడ్ సరైనదే. ఆ మనిషిని మేనేజర్ జో మాడన్ వాడిన తీరే తప్పు. జనం ఈ రెంటినీ ఒకే మూటలో కట్టేసి తిడతారు, అదే నాకు నచ్చదు. 

పిన్‌స్ట్రైప్ పిల్లోడు (ఎడిసన్)

మీ తోడల్లుడికి నా తరఫున ఇంకో రెండు గరిటెలు పప్పుచారు పోయండి అన్నా.

లెక్క చూద్దాం. చాప్‌మన్ మీ దగ్గర ఉన్నది మూడు నెలలు చిల్లర. డిసెంబర్‌లో 5 ఏళ్ళకు 8.6 కోట్ల డాలర్లకు మళ్ళీ మా దగ్గరికే వచ్చాడు. అంటే మా మేనేజ్‌మెంట్ వస్తువు అమ్మి, డబ్బుకు బదులు పొలం రాయించుకుని, వస్తువును మళ్ళీ కొనుక్కుంది. ఆ పొలంలో 2018లో 24 హోమ్ రన్లు, 2019లో 38 పండాయి. రెండేళ్ళూ ఆల్‌స్టార్ (మేటి ఆటగాళ్ళ మ్యాచ్)కు ఎంపిక. ఇంకో తమాషా, ఆ వారెన్‌ను కబ్స్ అంతకుముందు చలికాలంలోనే స్టార్లిన్ క్యాస్ట్రోను ఇచ్చి మా దగ్గర్నుంచి తీసుకున్నారు. అతన్నీ తిరిగిచ్చేశారు!

ఈరీ ఒడ్డు (క్లీవ్‌ల్యాండ్)

ఆ ఏడో మ్యాచ్‌లో ఓడిన ఊరి మనిషిని. నాకు ఈ చర్చలో కూర్చునే హక్కు అందరికన్నా ఎక్కువే ఉందనుకుంటా.

వారం తిరక్కుండా మేమూ అదే యాంకీస్ దుకాణానికి వెళ్ళాం. రిలీవర్ ఆండ్రూ మిల్లర్‌ను తెచ్చుకున్నాం, క్లింట్ ఫ్రేజియర్, జస్టస్ షెఫీల్డ్‌తో సహా నలుగురిని ఇచ్చాం. కానీ తేడా చూడండి. మిల్లర్ కాంట్రాక్టులో ఇంకో రెండేళ్ళు మిగిలున్నాయి. టెర్రీ ఫ్రాంకోనా అతన్ని తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం దాచలేదు. మ్యాచ్ ఎక్కడ చెయ్యి జారేలా ఉంటే అక్కడ, ఐదో ఇన్నింగ్స్‌లోనైనా సరే, దింపేవాడు. అమెరికన్ లీగ్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి ఒక రిలీవర్‌కు వచ్చిందంటే ఊరికే రాలేదు. 

కాబట్టి ట్రేడ్‌లో ఎవర్ని ఇచ్చారన్నదొక్కటే చూడకండి, వచ్చినవాడు ఎన్నాళ్ళు ఉంటాడన్నది కూడా చూడండి.

వరండా కుర్చీ

ఈరీ ఒడ్డు గారూ, మిల్లర్ కోసం యాంకీస్ మమ్మల్ని కైల్ ష్వార్బర్‌ను అడిగారని అప్పట్లో వార్తలొచ్చాయి. ష్వార్బర్ అప్పటికి ఏప్రిల్‌లోనే మోకాలి లిగమెంట్ తెగి మంచంలో ఉన్నాడు. సీజన్ మొత్తం ఆడడనుకున్నవాణ్ణి ఇచ్చెయ్యడానికి, అప్పట్లో మా జట్టును కట్టే పెద్ద థియో ఎప్స్టీన్ ఒప్పుకోలేదు. అదే ష్వార్బర్‌ను వరల్డ్ సిరీస్ రోస్టర్‌లోకి ఎక్కించారు. 17 సార్లు బ్యాట్ పట్టి 7 హిట్లు కొట్టాడు. మీకు గుర్తుండే ఉంటుంది.

ఈరీ ఒడ్డు

మర్చిపోనిస్తారా!

కొత్త బిచ్చగాడు (అరోరా)

నేను అమెరికా వచ్చి ఏడాదే, క్రికెట్ తప్ప తెలియదు. బాలాజీ గుడి దగ్గర క్యాంటీన్‌లో మీలాంటి పెద్దాయన ఒకరు ఈ ఆట అంటించారు. ఒక డౌట్. బుమ్రాకు టీ20లో నాలుగే ఓవర్లు కాబట్టి దాచుకుని దాచుకుని వాడతారు. ఇక్కడ ఓవర్ల పరిమితి లేదు కదా. అంత తోపు పిచ్చర్ అయితే మొదట్నుంచీ అతనితోనే వేయించొచ్చుగా? దీనికింత రామాయణం ఎందుకు?

స్కోర్ పుస్తకం (షాంబర్గ్)

మంచి డౌట్ తమ్ముడూ. రూలు ఆపదు, భుజం ఆపుతుంది. వంద మైళ్ళ వేగంతో విసిరేవాడు పాతిక బంతులు దాటాక అదే మనిషి కాదు. ఇంకోటి, బుమ్రాకు ఒక ఓవర్ ఇచ్చి పక్కనపెట్టి పద్దెనిమిదో ఓవర్‌కు మళ్ళీ పిలవొచ్చు. ఇక్కడ ఒకసారి మ్యాచ్‌లోంచి తీసేస్తే అతను మళ్ళీ రాడు. అందుకే బుల్‌పెన్‌కు (రిలీవర్లు సిద్ధంగా ఉండే చోటుకు) ఫోన్ చెయ్యడం అంటే మేనేజర్‌కు అంత టెన్షన్. 

ఇక కుర్చీ అన్న చెప్పిన "వాడిన తీరు" సంగతి. పాత పుస్తకం తీశాను. వరల్డ్ సిరీస్‌లో కబ్స్ 3-1తో వెనకబడి ఉంది. ఐదో మ్యాచ్‌లో చాప్‌మన్‌ను ఏడో ఇన్నింగ్స్‌లో దింపి ఎనిమిది అవుట్లు తీయించారు. 42 బంతులు. ఓడితే ఇంటికే, కాబట్టి దానికి ఎవరూ వేలెత్తి చూపరు. ఒక రోజు విరామం. ఆరో మ్యాచ్‌లో 7-2 ఆధిక్యం, ఏడో ఇన్నింగ్స్‌లో ఇద్దరు బేస్‌ల మీద ఉంటే మళ్ళీ చాప్‌మన్. సరే, ఎదురుగా ఉన్నది క్లీవ్‌ల్యాండ్ బ్యాటర్ లిండోర్, ఆ ఒక్క అవుట్ వరకూ ఒప్పుకుంటా. ఎనిమిదో ఇన్నింగ్స్ కూడా అతనే. ఆ తర్వాత మా రిజ్జో హోమ్ రన్ కొట్టి ఆధిక్యం ఏడు పరుగులకు పెరిగింది. అయినా తొమ్మిదిలో మళ్ళీ చాప్‌మనే మట్టిదిబ్బ ఎక్కాడు! మొదటి బ్యాటర్‌కు వాక్ (ఉచితంగా మొదటి బేస్) ఇచ్చాక గానీ తీయలేదు. 20 బంతులు. మర్నాడు ఏడో మ్యాచ్‌లో 35. నాలుగు రోజుల్లో 97 బంతులు.

ఆ 20 ఉత్త పుణ్యానికి పోయాయి. మర్నాడు ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 6-3 మీద వచ్చినప్పుడు క్లీవ్‌ల్యాండ్ గైయర్ డబుల్ (రెండో బేస్ చేరే హిట్) కొట్టాడు, వెంటనే రజాయ్ డేవిస్ బ్యాట్‌ను చేయెడు పైకి పట్టుకుని ఎడమ గీత పక్కనుంచి గోడ దాటించాడు. 6-6. ఆ బంతిలో ఎప్పటి జీవం లేదు. డిసెంబర్‌లో యాంకీస్‌లో చేరినప్పుడు చాప్‌మన్ కూడా తనను అలా వాడటం నచ్చలేదని, ముఖ్యంగా ఆరో మ్యాచ్‌లో అవసరం లేదని బాహాటంగానే అన్నాడు.

మూడో బేస్ మామ (పియోరియా)

నేను మాడన్ పక్షం. గెలిచిన మేనేజర్‌ను ఇన్నేళ్ళు బోనులో నిలబెట్టడం మన ఊళ్ళోనే చూస్తున్నా. ఆరో మ్యాచ్ ఓడితే ఏడోదే లేదు కదా బాబూ? మిగిలిన రిలీవర్ల పరిస్థితేంటి? రోండాన్‌కు చేయి పట్టేసి, స్ట్రోప్‌కు మోకాలు దెబ్బతిని ఆగస్టులో ఇద్దరూ సరిగ్గా లేరు. తిరిగొచ్చాక మునుపటి ధాటి లేదు. చేతిలో మంచి కత్తి ఒకటే ఉంటే కూరగాయలు, కొబ్బరికాయలు అన్నీ దాంతోనే కోస్తాం.

స్కోర్ పుస్తకం

మామగారూ, ఐదు పరుగుల ఆధిక్యాన్ని ఇంకెవరూ కాపాడలేరు అంటే అది బుల్‌పెన్ కాదు, ఖాళీ గది. ఆ గదిని అలా ఉంచింది ఎవరు? మీరు మాడన్‌ను కాపాడబోయి ఎప్స్టీన్‌ను ఇరికిస్తున్నారు.

పైగా అదే ఏడో మ్యాచ్‌లో స్టార్టర్ హెండ్రిక్స్‌ను 63 బంతులకే, ఐదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లయ్యాక తీసేశారు. ఆ సీజన్‌లో మేజర్ లీగ్ మొత్తంలో తక్కువ ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చే పరుగుల సగటు) అతనిదే, 2.13. ఎందుకు తీశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వెన్నెల్లో వ్రిగ్లీ (షికాగో)

అందరూ బంతులు లెక్కపెడుతున్నారు, ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. చాప్‌మన్ ఆ సీజన్‌ను మేజర్ లీగ్ గృహహింస నిబంధనల కింద 30 మ్యాచ్‌ల సస్పెన్షన్‌తో మొదలుపెట్టాడు. క్రిమినల్ కేసు పెట్టలేదు, నిజమే. కానీ ఆ ధరకు దొరికినందుకు కారణాల్లో అదీ ఒకటి. మొదట యాంకీస్ అతన్ని సిన్సినాటి నుంచి చవగ్గా తెచ్చుకున్నదీ ఆ ఆరోపణలు బయటికొచ్చాకే. అప్పటిదాకా "మంచి మనుషులతో జట్టు కడతాం" అని చెప్పిన యాజమాన్యం ఇది. నా స్నేహితురాలు ఒకామె ఆ అక్టోబర్‌లో అతను బయటికొస్తే టీవీ సౌండ్ తీసేసేది. కప్పు గెలిచిన రాత్రి మేమిద్దరం ఏడ్చాం, సంతోషంతోనే. అయినా ఆ సంగతి గొంతులో ముల్లులా ఉండిపోయింది. టోరెస్ లెక్క ఒక్కటే మాట్లాడితే ధరలో సగమే మాట్లాడినట్టు.

వరండా కుర్చీ

వెన్నెల గారూ, మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు. మా అమ్మాయి కూడా ఇదే అడిగింది. నేను మాట మార్చేశాను, ఇక్కడ మార్చను.

ఆటవరకు ఇంకో మాట. టోరెస్‌ను ఇవ్వడానికి మేం చెప్పుకున్న సమర్థన "షార్ట్‌స్టాప్‌లో ఎడిసన్ రస్సెల్ ఉన్నాడు, రెండో బేస్‌లో బాయెజ్ ఉన్నాడు, ఈ కుర్రాడికి చోటెక్కడ" అని. బాయెజ్ 2018లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) ఓట్లలో రెండో స్థానం దాకా వెళ్ళాడు. కానీ రస్సెల్‌కు అదే 2018లో, అదే గృహహింస నిబంధనల కింద, 40 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది. 2019 తర్వాత వదిలేసుకున్నాం. ఉన్న చోటు అలా ఖాళీ అయింది.

పిన్‌స్ట్రైప్ పిల్లోడు

అయితే ఒప్పుకున్నట్టేగా అన్నా?

వరండా కుర్చీ

లేదు. నూట ఎనిమిదేళ్ళ ఆకలి మీద ఉన్నవాడికి విత్తనాలు దాచుకోమని చెప్పకు.

స్కోర్ పుస్తకం

నా అసలు ఫిర్యాదు ఆ ట్రేడ్ మీద కాదు, ఆ తర్వాత అలవాటైపోయిన జబ్బు మీద. చాప్‌మన్ పోగానే 2017కు హోర్హె సోలెర్‌ను ఇచ్చి వేడ్ డేవిస్‌ను తెచ్చారు, అతనూ ఒక్క ఏడాదికే. 33 అవకాశాల్లో 32 సేవ్‌లు (చివర్లో దిగి ఆధిక్యం కాపాడటం), బాగా చేశాడు, కొలరాడో వెళ్ళిపోయాడు. సోలెర్ 2019లో 48 హోమ్ రన్లతో అమెరికన్ లీగ్‌లో మొదటి స్థానం, 2021 వరల్డ్ సిరీస్ ఎంవీపీ. తర్వాత బ్రాండన్ మారో, రెండేళ్ళకు 2.1 కోట్ల డాలర్లు, మొదటి ఏడాది సగంలోనే గాయం. ఆ తర్వాత క్రెయిగ్ కింబ్రెల్, మూడేళ్ళకు 4.3 కోట్లు, 2019లో ఈఆర్ఏ 6.53. స్టార్టర్ కోసం 2017లో కింటానాను తెస్తే ఎలోయ్ హిమెనెజ్‌తో పాటు డిలన్ సీస్ కూడా పోయాడు. ఆ సీసే 2022లో సై యంగ్ (ఉత్తమ పిచ్చర్ బహుమతి) ఓట్లలో రెండోవాడు.

ఎందుకిలా? 2012 నుంచి 2015 వరకు ఎప్స్టీన్ నాలుగు డ్రాఫ్టుల్లోనూ (కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే ఏటి పంపకాల్లో) మొదటి ఎంపిక బ్యాటరే: అల్మోరా, బ్రయంట్, ష్వార్బర్, హ్యాప్. పిచ్చర్లను బజార్లో కొనుక్కుందాం అనే లెక్క. 2016 వరకు ఆ లెక్క బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ పెరట్లో కరివేపాకు చెట్టు నాటనివాడు రోజూ కొట్టుకు పరిగెత్తాల్సిందే, కొట్టువాడు ఎప్పుడూ పాత ధరకే ఇవ్వడు.

మూడో బేస్ మామ

పుస్తకం గారూ, కొనకపోతే ఏమవుతుందో కూడా రాయండి. అదే 2016లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్. సీజన్‌లో 30 సేవ్‌లు చేజార్చారు. ప్లేఆఫ్స్‌లో మాతో నాలుగో మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్‌కు 5-2 ముందున్నారు. ఒక్క ఇన్నింగ్స్‌లో ఐదుగురు రిలీవర్లను మార్చారు, మేం నాలుగు పరుగులు తీసి 6-5తో ఇంటికి పంపాం. ఆ చలికాలం క్లోజర్ మెలాన్సన్‌కు 6.2 కోట్ల డాలర్లు పోశారు, మంట ఆరాక బావి తవ్వినట్టు.

ఈరీ ఒడ్డు

మా వైపు గోడు కూడా వినండి. రోస్టర్ అంటే పాతిక మంది, అప్పట్లో. బ్రాంట్లీకి గాయం, కరాస్కోకు గాయం, సలజార్ అప్పుడే కోలుకున్నవాడు. స్టార్టర్ క్లూబర్ తక్కువ విశ్రాంతితో మూడోసారి దిగాడు. మిల్లర్ కూడా ఆ రాత్రికి అలసిపోయాడు, 39 ఏళ్ళ డేవిడ్ రాస్ అతని మీదే హోమ్ రన్ కొట్టాడు. పదో ఇన్నింగ్స్ చివర 8-7, డేవిస్ బేస్ మీద ఉన్నాడు, రెండు అవుట్లు, బ్యాటింగ్‌కు ఎవరు? మైకేల్ మార్టినెజ్. కెరీర్ బ్యాటింగ్ సగటు (హిట్లు కొట్టే వంతు) .200 కూడా లేదు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో త్రో బాగుంటుందని కోకో క్రిస్ప్‌ను తీసి ఇతన్ని పెట్టారు. బెంచీ మీద ఇంకెవరూ లేరు. మీరు చాప్‌మన్ గురించి వాదించుకుంటారు, నాకు మాత్రం కలలో క్రిస్ప్ కనిపిస్తాడు.

కొత్త బిచ్చగాడు

ఆ చివరి అవుట్ చాప్‌మన్ తీశాడా?

వరండా కుర్చీ

లేదు తమ్ముడూ. అతను తొమ్మిదో ఇన్నింగ్స్ వేసేసి దిగిపోయాడు. చివరి అవుట్ తీసింది మైక్ మాంట్‌గోమరీ. చాప్‌మన్ కంటే ఐదు రోజుల ముందు సియాటిల్ నుంచి వచ్చాడు. ప్రధానంగా డాన్ వోగెల్‌బాక్‌ను ఇచ్చి తెచ్చుకున్నాం, ఆ రోజు పేపర్లో చిన్న వార్త. రెండే బంతులు వేశాడు. మార్టినెజ్ మెల్లగా తాకించాడు, బ్రయంట్ తడి గడ్డి మీద జారుతూ నవ్వుతూ రిజ్జోకు విసిరాడు. మాంట్‌గోమరీకి మేజర్ లీగ్‌లో అదే మొదటి సేవ్.

పిన్‌స్ట్రైప్ పిల్లోడు

వోగెల్‌బాక్ కూడా 2019లో ఆల్‌స్టార్ అయ్యాడు అన్నా, మర్చిపోతున్నావు. ఇంకోటి, 2025 ఆల్‌స్టార్ మ్యాచ్ చూశావా? డెట్రాయిట్ తరఫున టోరెస్, బోస్టన్ తరఫున చాప్‌మన్. ఇద్దరూ ఒకే వైపు కూర్చున్నారు. మావాళ్ళూ కారు, మీవాళ్ళూ కారు.

వరండా కుర్చీ

చూశాను. మా తోడల్లుడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు.