బబులోను స్త్రీ కిరీటం ఎందుకు చిన్నదైంది?

పాతపుట:
పోపును ఎదిరించిన మార్టిన్ లూథర్ జర్మన్‌లోకి తెచ్చిన కొత్త నిబంధన (బైబిల్ రెండో భాగం) 1522లో విట్టెన్‌బర్గ్‌లో రెండుసార్లు అచ్చయింది కదా, సెప్టెంబర్‌లో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి. రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నా. దాని చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం 17వ అధ్యాయం బొమ్మలో, ఏడు తలల మృగమెక్కిన బబులోను స్త్రీకి మొదటిదాంట్లో పోపు పెట్టుకునే మూడంతస్తుల కిరీటం ఉంది. రెండోదాంట్లో మామూలు కిరీటమే. మిగతాదంతా అచ్చు గుద్దినట్టు ఒకటే. మళ్లీ చెక్కారా, ఉన్నదాన్నే దిద్దారా?

ఉలిపిడి:
ఉన్నదాన్నే దిద్దారు. నేనూ చెక్క మీద పనిచేసేవాణ్ణే కాబట్టి నా చూపు ముందు కిరీటం మీదికి పోదు, దాని పైన మిగిలిపోయిన ఖాళీ మీదికి పోతుంది. వుడ్‌కట్‌లో, అంటే చెక్క దిమ్మ చెక్కి అచ్చేసే బొమ్మలో, సిరా అంటేది ఉబ్బెత్తుగా వదిలిన గీతలకే. గీతను ఉలితో లేపేస్తే అక్కడ కాగితం తెల్లగా ఉండిపోతుంది. కింది అంతస్తు ఉంచి పైవి తీసేశారు, అంతే. అదే లేని కిరీటం పెట్టాలంటే తల ప్రాణం తోకకొస్తుంది: దిమ్మలో గుంట తీసి, వేరే ముక్క బిగించి, చదును చేసి అప్పుడు చెక్కాలి. 11, 16 అధ్యాయాల బొమ్మల్లో కూడా ఇలాగే కోత పడింది, చూడండి.

మసిమరక:
ఈ కిరీటం జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ నుంచి వచ్చిందేనా?

ఉలిపిడి:
కాదు. ఈ బొమ్మలు చేసిన విట్టెన్‌బర్గ్ చిత్రకారుడు క్రానాక్ వర్క్‌షాప్‌వాళ్లు డ్యూరర్ 1498 నాటి ప్రకటన గ్రంథం బొమ్మల్ని ముందు పెట్టుకునే పనిచేశారు, కూర్పులు చాలావరకు అక్కడివే. కానీ డ్యూరర్ గీసినామె వెనీస్ దొరసానిలా ముస్తాబై ఉంటుంది, పోపు ఊసే లేదు. ఆ కొంటెతనం విట్టెన్‌బర్గ్‌వాళ్లదే.

పాతపుట:
మరి మూడు నెలలకే ఎందుకు వెనక్కి తగ్గారు?

ఉలిపిడి:
పోపు పక్షాన ఉన్న, పక్క సాక్సనీని ఏలే డ్యూక్ జార్జ్ మండిపడ్డాడు. ఆ నవంబర్‌లోనే పుస్తకాన్ని నిషేధించి, కొన్నవాళ్లు తెచ్చిచ్చేస్తే డబ్బు వాపసు ఇస్తానన్నాడు. తమాషా ఏంటంటే, అదే డ్యూక్ అండతో కాథలిక్ పండితుడు ఎమ్సర్ 1527లో లూథర్‌కి పోటీగా తెచ్చిన కొత్త నిబంధనలోనూ క్రానాక్ దిమ్మలే వాడారు! ఎవరి డబ్బైనా డబ్బే మరి. 1534లో లూథర్ బైబిల్ మొత్తంగా వచ్చినప్పుడు వేరే చిత్రకారుడి చేత ఆ మూడంతస్తుల కిరీటం మళ్లీ పెట్టించారు.

పాతపుట:
11వ అధ్యాయంలో దొరికింది, మృగం తల మీద. 16 మాత్రం నా డిసెంబర్ స్కాన్‌లో మసగ్గా ఉంది. మంచిది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.